లీపు శనివారం మొదటి పాట

ఆ వారమంతా సెబూ ఊళ్ళో ఎవరిని కదిపినా వయసు లెక్కలే. జీపు డ్రైవరు కూడలిలో బండి ఆపి వేళ్ళు మడుచుకుంటున్నాడు. మంగలి షాపులో కత్తెర గాల్లో ఆగిపోతోంది. "రెండువేల ఇరవై నాటికి నాకు అరవై రెండొస్తాయి. ఉంటానంటావా?" అని ఒకడంటే, "నువ్వు తాగే కల్లుకి ఈ మే నెల ఎన్నికలు చూస్తే గొప్ప" అని ఇంకొకడు.

దీనంతటికీ కారణం హార్బర్ ఎఫ్ఎం. పొద్దున లేచింది మొదలు గంటకోసారి ఆ రేడియోలో ఒక ఆడగొంతు ఇంగ్లీషులో చెప్పేది: "ఈ శనివారం ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. లీపు రోజు శనివారం నాడు పడి ఇరవై ఎనిమిదేళ్ళయింది. మళ్ళీ పడేది రెండువేల ఇరవైలోనే. ఈ శనివారం మన టాప్ ట్వంటీలో మొదట నిలిచే పాట తలమీది కిరీటాన్ని అప్పటిదాకా ఎవరూ తియ్యలేరు. ఏ పాటకి ఓటేస్తారో మీ ఇష్టం."

ఆ గొంతు జోవిటా ఆబెల్యానాది. రేడియోలో ఆమె పేరు జోయ్. శనివారం మధ్యాహ్నం పాటల్ని ఇరవై నుంచి ఒకటి దాకా వరసగా దింపుకుంటూ వచ్చేది ఆమే. ఆమె ఇంగ్లీషు అప్పుడే విమానం దిగి వచ్చినట్టుండేది. ఆమె మొహం మాత్రం ఊళ్ళో ఎక్కువమందికి తెలియదు. అందుకే బుధవారం మధ్యాహ్నం ఆమె గొడుగు మడుచుకుని తబోవాన్ ఎండుచేపల బజార్లోకి వస్తే, ఒక్క క్యాసెట్ల కొట్టాయన తప్ప ఎవరూ తలెత్తి చూడలేదు.

కొట్టాయన పాలపొడి డబ్బా తీసి ఆమె ముందు బోర్లించాడు. ఓటు చీటీలు బల్లమీద కుప్పగా పడ్డాయి. జోవిటా స్టూలు లాక్కుని కూర్చుని ఒక్కొక్కటే విప్పసాగింది. ఈ పని ఆమె ఇంకొకరికి అప్పగించేది కాదు. ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో రాసిన చీటీలు వేళ్ళకే తెలిసిపోయేవి. వాటిని పక్కకి తీసి రబ్బరు బ్యాండు వేసేది. అభిమాన సంఘాల పిల్లలు ఎడమ చేత్తో రాస్తారు, అక్షరాలు వెనక్కి వంచుతారు. అవీ దొరికిపోయేవి. చీటీలయ్యాక లేచి అలమర దగ్గరికి వెళ్ళింది. ఏ క్యాసెట్లు ఎన్ని పోయాయని కొట్టాయన్ని అడిగేది కాదు. ఖాళీ అయిన వరసల మీద దుమ్ము ఉందో లేదో వేలితో రాసి చూసేది.

నీలం అట్ట వరస మొత్తం ఖాళీ. అక్కడ దుమ్ము లేదు.

"నిన్న సాయంత్రం తెప్పించాను. పొద్దున్నే ఊడ్చుకుపోయారు," అన్నాడు కొట్టాయన. "ఎదురుగా కూర్చుని చేపలమ్ముకునే మనిషి, నా కొట్టుని నిలబెట్టేసింది చూడు."

జోవిటా వెనక్కి తిరిగి చూసింది. సందుకి అవతల తట్టల వెనక ఒక యాభై ఏళ్ళ మనిషి నిలబడి ఎండు దంగిత్ చేపల్ని తిరగేస్తోంది. నడుముకి తువ్వాలు బిగించి ఉంది. బసిలిసా కబాతింగాన్. బజారంతటికీ నాంగ్ బసింగ్, అంటే బసింగక్క. ఆ ఊరి భాష బిసయాలో ఆమె పాడిన పాట పేరు 'రేవుకి నేను రాను'. ఓడ దిగి వచ్చే మొగుడికి ఒక పెళ్ళాం చెప్పే మాట ఆ పాట.

*దారి నీకు తెలుసు, చెప్పులు నీకున్నాయి,*
*చేపలెండే వేళ రేవుకి నేను రాను.*

"నాంగ్, ఒక్క చరణం పాడవా?" అని అడుగుతోంది ఒక కొనుగోలుదారు.

"పాట కావాలంటే ఎదురు కొట్లో కొనుక్కో. చేప కావాలంటే ఇక్కడ కొనుక్కో," అంది బసింగ్ తలెత్తకుండా. "రెండూ కొంటే మాత్రం ఒక నవ్వు ఊరికే ఇస్తాను."

జోవిటాకి నవ్వొచ్చింది. అంతలోనే బల్లమీది చీటీల కుప్ప గుర్తొచ్చి నవ్వు ఆగింది. ఇంకా నాలుగు బజార్ల చీటీలు, ఫోన్ల లెక్క మిగిలి ఉన్నాయి. కానీ కుప్ప ఎటు వాలుతోందో ఆమెకి తెలిసిపోతూనే ఉంది. కిందటి వారాల్లో ఈ పాట పద్నాలుగులో కనబడింది, తర్వాత ఏడుకి వచ్చింది. ఇప్పుడిక దానికి పైన ఎవరూ లేరు.

గురువారం లెక్క తేలింది. కరెంటు లేదు. ఆ ఏడాది కరెంటు ఉన్న పూట పండగలా ఉండేది. స్టేషన్లో జనరేటరు ప్రసారానికే చాలేది. మిగతా గదుల్లో కిటికీలు బార్లా తెరుచుకుని విసనకర్రలతో పని కానిచ్చేవాళ్ళు. జోవిటా కిటికీ పక్కన కూర్చుని లెక్కని మొదటినుంచి మళ్ళీ ఒకసారి కూడింది. తర్వాత ఆ కాగితం పట్టుకుని లియాండ్రో కిహానో గదిలోకి వెళ్ళింది.

స్టేషన్లో ఏ పాట మోగాలి, ఎవరు మాట్లాడాలి అన్నది లియాండ్రో చేతిలో ఉండేది. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, సన్నటి మీసం. ఆ వేళ ఆయన ఒక రికార్డుని వెలుతురుకి పట్టుకుని మఖమల్ బ్రష్షుతో తుడుస్తున్నాడు. లీపు శనివారం ప్రకటన రాసింది ఆయనే. అంత మంచి ముచ్చట తనకి తట్టినందుకు వారం రోజులుగా ఆయన ఈలలు వేస్తూనే ఉన్నాడు.

కాగితం చూశాక ఈల ఆగింది.

"ఇదేంటి?"

"ఈ వారం లెక్క సర్."

"లెక్క కనబడుతోంది. పైన ఇదేంటి అంటున్నాను."

"మొదటి పాట సర్. 'రేవుకి నేను రాను'. రెండోదానికీ దీనికీ చాలా దూరం ఉంది. రెండుసార్లు చూశాను."

లియాండ్రో రికార్డుని కవరులో పెట్టి, కవరుని అలమరలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. "ఏడులో ఉన్నప్పుడు నేనేమన్నా అన్నానా? అనలేదు. భోజనంలో పచ్చడిలాగ ఉంటుందిలే అనుకున్నాను. పచ్చడే భోజనం అయిపోతే ఎలా? శనివారం మనీలా నుంచి ప్రకటనల కంపెనీ వాళ్ళొస్తున్నారు. అద్దం అవతల కూర్చుని చూస్తారు. వాళ్ళ ముందు చెక్కచెప్పుల పాట పెడతామా?"

చెక్కచెప్పుల పాట అంటే కూలినాలి జనం పాట అని. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నదో జోవిటాకి లెక్కలేదు. ఆమె కూడా ఎన్నోసార్లు ఆ మాట విని నవ్వింది. ఈసారి నవ్వు రాలేదు.

"జనం వేశారు సర్."

"జనం ఏవేవో వేస్తారు. దీన్ని పదకొండులో పెట్టు. రెండో స్థానంలో ఉన్న ఆ ప్రేమగీతాన్ని పైకి తే. ఎవరడుగుతారు?"

"మనమే చెబుతున్నాం కదా, రెండువేల ఇరవై దాకా ఇదే గుర్తుంటుందని."

"అందుకే," అన్నాడు లియాండ్రో. "ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఎవడో ప్రశ్న అడుగుతాడు, లీపు శనివారం సెబూలో మొదటి పాట ఏది అని. అప్పుడు ఎండుచేపల పాట అని చెప్పాలా?"

"అడిగితే ఉన్నదే చెప్పాలి కదా సర్."

ఆయన కాసేపు ఆమెకేసి చూశాడు. కోపంగా కాదు, గదిలో కొత్త చప్పుడేదో వినబడితే చూసినట్టు. "పదకొండులో పెట్టడం నీకిష్టం లేకపోతే అసలు తీసెయ్. శనివారం నువ్వు ఆ పాట పేరు ఎత్తకూడదు. ఆ క్యాసెట్ కూడా స్టేషన్లో ఉండక్కర్లేదు, తిప్పి పంపించెయ్యి. ఇది నేను అడగటం లేదు, చెబుతున్నాను."

జోవిటా కాగితం తీసుకుని బయటికొచ్చింది. మెట్ల దగ్గర సౌండు టెక్నీషియన్ సబాస్ జనరేటరుకి డీజిల్ పోస్తున్నాడు. స్టేషన్ పుట్టినప్పటినుంచీ ఉన్న మనిషి. ఆమె మొహం చూసి గరాటు పక్కన పెట్టాడు.

"కాదన్నాడా?"

"పేరే ఎత్తొద్దన్నాడు, నోంగ్," అంది. నోంగ్ అంటే అన్నా అని.

సబాస్ డబ్బా మూత బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాడు.

శుక్రవారం పొద్దున స్టేషన్ వరండాలో ఎండుచేపల వాసన వచ్చింది. జోవిటా మేడమెట్ల మీంచి చూసింది. కింద గాజు తలుపు దగ్గర బసింగ్ నిలబడి ఉంది. పసుపుపచ్చ పూల గౌను, జుట్టుకి నూనె రాసి నున్నగా దువ్విన ముడి, చేతిలో అరిటాకు కప్పిన బుట్ట. కాపలాదారు ఏదో చెబుతున్నాడు. లోపల సోఫాలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. తమ బృందం పాటకి ప్రచారం కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళ పాట పదిహేడులో ఉంది.

"బుట్ట బయట పెట్టి రమ్మంటున్నారు," అన్నాడు కాపలాదారు, పై గది వైపు గడ్డం చూపిస్తూ.

"బుట్ట బయట ఉంటే నేనూ బయటే ఉంటాను," అంది బసింగ్. గొంతు పెంచలేదు. బయటి మెట్టు మీద తువ్వాలు పరిచి, బుట్టని ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది.

జోవిటా దిగి వెళ్ళింది. పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఎన్నికల జీపు ఒకటి లౌడ్‌స్పీకర్లో పాట వేసుకుంటూ వీధి దాటింది.

"నువ్వేనా జోయ్?" అంది బసింగ్.

"అవును నాంగ్."

"రేడియోలో నీ గొంతు వేరేగా ఉంటుంది. అమెరికాలో పుట్టావా?"

"పాసిల్లో."

బసింగ్ పూర్తిగా ఆమె వైపు తిరిగింది. పాసిల్ అంటే చేపల రేవు. తబోవాన్ బజారుకి కేకేస్తే వినబడేంత దూరం. "పాసిల్ పిల్లవా? మరి ముక్కుతో మాట్లాడతావేంటి, ఎప్పుడూ జలుబు చేసినట్టు?"

జోవిటాకి చెవులు ఎర్రబడ్డాయి. అయినా నవ్వు ఆగలేదు. బసింగ్ నవ్వలేదు గానీ బుట్ట మీద ఆకు కాస్త జరిపి, ఒక దంగిత్ తీసి ఆమె చేతిలో పెట్టింది. కరకరలాడేలా వేయించినది.

"కొనేవాళ్ళంతా నీదే మొదటి పాట, నీదే మొదటి పాట అంటున్నారు డాయ్," అంది చెల్లెల్ని పిలిచినట్టు. "మొదటి పాట పాడినవాళ్ళని మీరు పిలిచి మైకులో మాట్లాడిస్తారట కదా. పిలుపు రాలేదు. అందుకని నేనే వచ్చాను. పిలవలేదేంటని అడగటానికి కాదు. లెక్కలో నా పాట ఎక్కడుందో తెలుసుకుందామని. ఇరవైలో ఉంటే ఇరవై అని చెప్పు. అసలు లేకపోతే లేదని చెప్పు. మనసు కష్టపెట్టుకోను. ఉన్న చోటు మాత్రం నాకు తెలియాలి. అది నాది."

జోవిటా నోటిలో చేప ముక్క అలాగే ఉండిపోయింది. శనివారానికి ముందు ఎవరికీ ఏ స్థానమూ చెప్పకూడదని ఆమె తనకి తానే పెట్టుకున్న నియమం. ఇన్నాళ్ళూ ఆ నియమం ఆమెకి గర్వంగా ఉండేది. ఇవాళ దాని చాటున దాక్కుంటున్నట్టనిపించింది.

"రేపు చెబుతాను నాంగ్," అంది చివరికి. "రేపు రేడియో పెట్టుకోండి."

"చెబుతావా?"

"లెక్క పెట్టింది నేను. చెబుతాను."

బసింగ్ లేచి తువ్వాలు దులిపి నడుముకి చుట్టుకుంది. గాజు తలుపు లోపలున్న కాపలాదారుకి కూడా ఒక చేప ఇచ్చి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం పాటలు మొదలయ్యేసరికే కరెంటు పోయింది. జనరేటరు మూలుగుతో స్టూడియో నేల సన్నగా వణుకుతోంది. ఊరంతా బ్యాటరీ రేడియోలు బయటికి తీశారు. కిటికీ తెరిస్తే చాలు, ఎదురు బేకరీ నుంచి, కింద ఆగిన జీపుల నుంచి తన గొంతే తనకి తిరిగి వినబడుతోంది.

అద్దం అవతల మనీలా వాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. ఒక ఆవిడ చేతిలో విసనకర్ర, ఒకాయన చేతిలో శీతల పానీయం. వాళ్ళ పక్కన లియాండ్రో. జోవిటా హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రికార్డు మీద ముల్లు దించి, పాట మొదటి శబ్దం దొరికేదాకా పళ్ళేన్ని వేలితో వెనక్కి తిప్పింది. ఎర్రదీపం వెలిగింది.

ఇరవై, పంతొమ్మిది, పద్దెనిమిది. పాటకీ పాటకీ మధ్య లీపు రోజు ముచ్చట్లు విసురుతూ వచ్చింది. లీపు రోజున పుట్టిన పాటగాడికి ఎన్ని పుట్టినరోజులు వచ్చినట్టు, ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన మొదట నిలిచిన పాటకి ఏటా పండగ చేసుకోవాలంటే ఏ రోజున చేసుకోవాలి, ఇలాంటివి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కాలేజీ కుర్రాళ్ళ పాట పదిహేడులో వచ్చింది. పదకొండు వచ్చినప్పుడు లియాండ్రో తలెత్తాడు. అక్కడ వేరే పాట, దానికి న్యాయంగా దక్కిన చోటే. ఆయన తల దించుకున్నాడు. తీసేసిందిలే అనుకున్నాడు కాబోలు.

మూడో పాట అయింది. రెండో పాటగా ఆ ప్రేమగీతం మోగింది. లియాండ్రో మళ్ళీ తలెత్తాడు. పైకి తెమ్మన్న పాట రెండులోనే మోగుతోంది. మరి ఒకటిలో ఏముంది? ఆయన కుర్చీలోంచి సగం లేచాడు, మనీలా ఆవిడ ఏదో అడిగితే మళ్ళీ కూర్చున్నాడు.

జోవిటా అరచేతులు గౌనుకి తుడుచుకుంది. కంట్రోలు బల్ల వెనక సబాస్ ఆమెనే చూస్తున్నాడు. ప్రేమగీతం చివరి స్వరం పూర్తిగా చల్లారనిచ్చి, మైకు తెరిచింది.

"ఇక మిగిలింది ఒక్కటి," అంది ఇంగ్లీషులో. "ఇవాళ లీపు శనివారం కాబట్టి, ఆ ఒక్కటీ నేను చెప్పను. అదే ఇవాళ్టి ఆఖరి ప్రశ్న. ఓట్లు వేసింది మీరు. మీరు మొదట నిలబెట్టిన పాట ఏది? సరైన జవాబు చెప్పిన మొదటివారికి హార్బర్ ఎఫ్ఎం టీషర్టు."

ఫోను మీద వరసగా ఉన్న దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి. ఆమె మొదటిదాన్ని నొక్కి ప్రసారంలోకి తీసుకుంది.

"హలో, హార్బర్ ఎఫ్ఎం, మీ జవాబు చెప్పండి."

"మిస్, నేను జీపు డ్రైవర్ని, కొలోన్ వీధి నుంచి," అంది ఒక మగగొంతు బిసయాలో. "మీ ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది, ఏమనుకోకండి. జవాబు మాత్రం తెలుసు. 'రేవుకి నేను రాను'."

జోవిటా నోరు అలవాటుగా ఇంగ్లీషుకే తెరుచుకుంది. కానీ ఆ మనిషి మాట్లాడింది ఆమె అమ్మ భాషలో. ఇన్నేళ్ళుగా ఈ మైకులో ఆమె ఆ భాషలో దగ్గు కూడా దగ్గలేదు.

"అవును, నోంగ్," అంది బిసయాలో. "సరిగ్గా చెప్పారు."

బిగుతు చెప్పులు విప్పేసి నేల మీద అడుగు పెట్టినట్టయింది. అవతల డ్రైవరు, "ఓహో, మీరు మనవాళ్ళా," అన్నాడు. అతని వెనక జీపులోంచి నలుగురైదుగురు నవ్వారు.

ఆమె రెండో దీపం నొక్కింది. ఆసుపత్రి నర్సు. అదే జవాబు. "టీషర్టు వెళ్ళిపోయిందమ్మా," అంటే, "టీషర్టు ఎవరిక్కావాలి? జవాబు చెబుదామని చేశాను," అంది. మూడో ఫోను కాన్వెంటు కాలేజీ అమ్మాయిది, సిస్టర్లు వింటారని గుసగుసగా. తర్వాత ఒక టైలరు. ఆ తర్వాత పెంపుడు కోడికి కూడా ఆ పాట వచ్చంటూ ఒక ముసలాయన. అందరిదీ ఒకటే మాట. జోవిటా పాట పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని రాలేదు.

ఇంకో దీపం నొక్కింది. వెనక బజారు గోల.

"తబోవాన్ మందుల షాపు నుంచండీ. నేను జవాబు చెప్పను, వినిపిస్తాను. పట్టుకోండి."

ఫోను దేనికో ఆనించిన చప్పుడైంది. పాట మొదలైంది. రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు సన్నగా, గరగరలాడుతూ, మధ్యమధ్య తెగిపోతూ వస్తోంది. అయినా బసింగ్ గొంతేనని తెలుస్తోంది.

స్టూడియో తలుపు తెరుచుకుంది. లియాండ్రో లోపలికొచ్చాడు.

జోవిటా మైకు మూసింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి లేచి నిలబడింది. ఆయన ఏమన్నా సరే ఇక్కడే వినాలని, నిలబడే వినాలని అనుకుంది.

లియాండ్రో నేరుగా వెళ్ళి స్పీకరు ముందు నిలబడి వింటున్నాడు. మొహం చిట్లించాడు. 'చెప్పులు నీకున్నాయి' అన్న చోట గొంతు పైకి లేవబోయి ఫోను గరగరలో తెగిపోయింది. ఆయన పన్ను నొప్పి పుట్టినట్టు కళ్ళు మూసుకున్నాడు.

"ఆ లైను తీసెయ్యండి," అన్నాడు.

సబాస్ చెయ్యి మీట మీద ఆగింది. సబాస్ జోవిటాకేసి చూశాడు.

"తీసెయ్యండంటుంటే. మొదటి పాటని ఇలాగా వినిపించేది? పై స్వరం మొత్తం పోయింది. క్యాసెట్ పెట్టండి."

సబాస్ మీట కిందికి దించాడు.

"క్యాసెట్ లేదు సర్," అంది జోవిటా. "తిప్పి పంపించెయ్యమన్నారు."

"నా దగ్గరుంది," అన్నాడు సబాస్, జేబులోంచి నీలం అట్ట క్యాసెట్ తీస్తూ. "మా ఆవిడ కోసం కొన్నాను."

లియాండ్రో దాన్ని అందుకుని వెలుతురుకి పట్టుకుని టేపు బిగువు చూశాడు. డెక్కులో పెట్టి, ప్రసారంలోకి పోకుండా తనొక్కడే హెడ్‌ఫోన్‌లో విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "చవక డెక్కు మీద కాపీ తీశారు. డెక్కు హెడ్డు టేపుకి సరిగ్గా ఆనటం లేదు." చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. ఆయన మోచేతులు ఎవరైనా చూడటం అదే మొదటిసారి. సబాస్ తాలూకు పనిముట్ల పెట్టెలోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసి, డెక్కు మూత లాగేసి, టేపుకి ఆనే హెడ్డు పక్కనున్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పి విన్నాడు. మళ్ళీ తిప్పాడు. "అమ్మాయ్, మాట్లాడుతూ ఉండు," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ప్రసారం ఖాళీగా పోతోంది."

జోవిటా కూర్చుని మైకు తెరిచింది. ఏం మాట్లాడాలో రాసుకోలేదు. బిసయాలో మొదలుపెట్టింది.

"ఇప్పుడు మీ అందరి జవాబూ నిజమని చెబుతున్నాను. లీపు శనివారం మొదటి పాట 'రేవుకి నేను రాను'. పాడింది బసిలిసా కబాతింగాన్, తబోవాన్ బజారు. ఓట్ల లెక్క పెట్టింది నేను. నా పేరు జోవిటా ఆబెల్యానా, పాసిల్. రెండువేల ఇరవైలో మళ్ళీ లీపు రోజు శనివారం నాడు వస్తుంది. అప్పుడెవరైనా ఈ ప్రశ్న అడిగితే మీ పిల్లలు ఠక్కున చెప్పాలి. ఇప్పుడే నేర్పించండి."

లియాండ్రో వేలు ఎత్తాడు. స్క్రూ చివరి తిప్పుకి ఆయన భుజాలు మెల్లగా దిగాయి. దొరికింది. సబాస్ మీట పైకి జరిపాడు.

పాట వచ్చింది. గిటారు తీగ మీద గోరు తగిలిన చప్పుడు దగ్గర్నుంచీ, బసింగ్ ఊపిరి తీసుకున్న చప్పుడు దగ్గర్నుంచీ అంతా స్పష్టంగా, ఆమె ఆ గదిలోనే నిలబడి పాడుతున్నట్టు వచ్చింది. *దారి నీకు తెలుసు, చెప్పులు నీకున్నాయి.* ఎదురు బేకరీలో, కింద జీపుల్లో, వీధి చివర దాకా అదే గొంతు. ఎవరో జీపు హారను పాటకి తాళంగా కొట్టారు, ఇంకొకడు అందుకున్నాడు. అద్దం అవతల మనీలా ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా విసనకర్ర మోకాలి మీద కొట్టుకుంటోంది.

లియాండ్రో పాట సగం దాకా నిలబడే విన్నాడు. తర్వాత చొక్కా చేతులు దింపి గుండీలు పెట్టుకున్నాడు.

"చేపలావిడకి గొంతుంది," అన్నాడు ఎవరితోనూ కానట్టు. తలుపు దగ్గర ఆగి, "సోమవారం మాట్లాడదాం," అని జోవిటాతో అని వెళ్ళిపోయాడు.

సోమవారం ఆయన ఏమీ మాట్లాడలేదు. మంగళవారం స్టేషన్ నుంచి తబోవాన్‌కి మనిషి వెళ్ళాడు. పాటని మంచి డెక్కు మీద మళ్ళీ కాపీ తీసుకోవటానికి మూల టేపు కావాలని అడిగాడు. బసింగ్ మూల టేపు ఇవ్వలేదు. కావాలంటే వాళ్ళనే డెక్కు మోసుకుని రమ్మంది. సబాస్ మోసుకెళ్ళాడు.

ఆ బుధవారం జోవిటా బజార్లన్నీ తిరిగి చీటీలు విప్పింది. కొత్త పాటలు వచ్చాయి. కాలేజీ కుర్రాళ్ళ పాట ఎగబాకింది. నీలం అట్టల వరసలో మూడు క్యాసెట్లు మిగిలి ఉన్నాయి, వాటి మీద సన్నగా దుమ్ము. వేలు తుడుచుకుని ఆమె లెక్కలో రాసుకుంది. శనివారం మైకు ముందు ఇంగ్లీషులో కొంత, బిసయాలో కొంత చెప్పుకుంటూ దిగింది. 'రేవుకి నేను రాను' నాలుగో స్థానంలో వచ్చింది. నాలుగని చెప్పి, పాట వేసింది.

పాట సగంలో ఉండగా ఫోను మోగింది. ప్రసారంలోకి తీసుకోకుండా ఎత్తింది.

"నాలుగా?" అంది బసింగ్.

"నాలుగే, నాంగ్."

"ఎవరు దించారు? ఆ ఇస్త్రీచొక్కా ఆయనా?"

"కాదు. ఆయన ఈ వారం కాగితం కూడా చూడలేదు. జనమే దించారు."

"నువ్వే లెక్కపెట్టావా?"

"నేనే పెట్టాను."

అవతల తట్టలో చేపల్ని దులుపుతున్న చప్పుడు వినబడింది.

"జనమైతే సరే," అంది బసింగ్. "ఎక్కించిందీ వాళ్ళే, దించిందీ వాళ్ళే. మధ్యలో ఇంకొకడి చెయ్యి లేదు కదా?"

"లేదు నాంగ్."

"అయితే ఫోను పెట్టెయ్ డాయ్. బేరం వచ్చింది."